దొర పిలిచిన మాట

దేవిదాస్ తండ్రీ తాతా మేనా మోసిన బోయీలు. నస్రుల్లాబాద్ వైపు ఒక దేశ్‌ముఖ్ ఇంట్లో పెళ్ళయినా చావయినా వాళ్ళ భుజాల మీదుగానే వెళ్ళేది. దేవిదాస్ కూడా మీసాలు రాకముందే మేనా కింద భుజం పెట్టాడు. నిజాంసాగర్ కాలువ పారి, రోడ్లు పడి, దేశ్‌ముఖ్ మోటారు కొన్నాక మేనాను పశువుల కొట్టంలోకి నెట్టేశారు. నలభై అయిదేళ్ళ వయసులో దేవిదాస్‌కు చేతిలో పని లేకుండా పోయింది.

పందొమ్మిది వందల ముప్పై మూడులో చెరుకు సాగు నేర్పడానికి ఒక ఇంగ్లీషు దొర బాన్సువాడ వచ్చి, కాలువ పక్క బంగళాలో దిగాడు. దేవిదాస్ అక్కడ కుదిరాడు. మొదటి రోజే దొర వరండాలో నిలబడి "బోయ్!" అని కేకేశాడు. దేవిదాస్ ఒక్క క్షణం నమ్మలేక, తర్వాత ఉరికాడు. ఇంటికొచ్చాక భార్య పోసవ్వతో అదే ముచ్చట.

"దొరకు మనోళ్ళు ఎర్కేనే! ఊర్లె ప్రతోడూ నన్ను అరే, ఒరే అనుడే. గాయిన మాత్రం బోయీ అని పిలుస్తుండు."

"ఎట్ల పిల్సినా చాకిరి చాకిరే గదా," అంది పోసవ్వ.

ఆ మాట అతని చెవికెక్కలేదు. దొర పిలుపు వినబడితే తింటున్న అన్నం ముందు నుంచి లేచేవాడు. ముప్పై తొమ్మిది వానాకాలంలో కూతురు ప్రేమలకు జ్వరం ముదిరింది. పిల్లను బండిలో వేసుకుని దవాఖానకు పోదామని బయలుదేరుతుంటే, దొర ఇంటికి చుట్టాలొచ్చారని కబురొచ్చింది.

"ఇయ్యాల పోకు," అని పోసవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఒక్క పూటనే. వడ్డన కాంగనే వస్త," అని వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. పిల్లకు పదకొండేళ్ళు.

నలభై ఆరులో దొర సామాను సర్దుకుని సీమకు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి దేవిదాస్ చేతిలో పెట్టి, ఇది చూపిస్తే ఎక్కడైనా పని దొరుకుతుందని చెరుకు కచేరీలో రాతకోతలు చూసే ముంషీ వెంకట్రావుతో చెప్పించాడు. దేవిదాస్ ఆ కాగితాన్ని గుడ్డలో చుట్టుకుని నిజామాబాద్‌లో ఒక రైసు మిల్లుకు కావలి పని కోసం వెళ్ళాడు. అక్కడి గుమాస్తా మోతీరాంకు బడిలో చదివిన ఇంగ్లీషు కొంత వచ్చు. చదివి, తలెత్తి దేవిదాస్‌ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇండ్ల ఎవరో పోరడు మంచిగ పనిచేసిండని ఉన్నది. నీకు అరవై ఏండ్లుంటయి. ఎవని చిట్టీ ఎత్తుకొచ్చినవ్?"

"నాదే బాంచెన్. పదమూడేండ్లు చేసిన."

"నీ పేరేది మరి ఇండ్ల?"

పేరు లేదు. కావలివాడు గేటు దాకా తోలుకొచ్చి బయటికి పంపాడు.

కాలువ కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన వాళ్ళలో సాంబమూర్తి అనే ముసలి బడిపంతులు ఉండేవాడు. దేవిదాస్ ఆయన దగ్గరికి పోయి, దొర తనను బోయీ అని పిలిచేవాడని చెప్పి కాగితం చూపించాడు. పంతులు కాగితం చదివి, ముందు నవ్వబోయి, దేవిదాస్ ముఖం చూసి ఆగిపోయాడు.

"అది బోయీ కాదయ్యా. బాయ్ అంటే కుర్రాడు. దొరలు నౌకర్ని ఎంత ముసలివాడైనా అలాగే పిలుస్తారు."

"పదమూడేండ్ల సంది నన్ను పోరడనే పిల్సిండా పంతులయ్యా?"

సాంబమూర్తి లోపలికెళ్ళి లావుపాటి నిఘంటువులు రెండు తెచ్చి, చాలాసేపు వెతికాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో పండితులకే తేలలేదన్నాడు. మొదట్లో నౌకరు అనే అర్థమేనట, పిల్లవాడన్నది తర్వాత వచ్చిందట. కాళ్ళకు సంకెళ్ళు పడ్డవాడు అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చిందని కొందరి ఊహ. ఈ దేశం వచ్చిన ఇంగ్లీషువాళ్ళు పల్లకీ మోసే బోయీల పేరు విని, దాన్ని కూడా తమ మాటలో కలిపేసుకున్నారని మరో చోట రాసి ఉంది.

"గిండ్ల దొర ఏది మనసుల పెట్టుకోని పిల్సిండు?"

"ఆయన మనసులో ఏదీ ఉండి ఉండదు దేవిదాసూ," అన్నాడు సాంబమూర్తి మెల్లగా.

ఆ జవాబు సంకెళ్ళ కన్నా బరువుగా తోచింది. మర్నాడు దేవిదాస్ వెంకట్రావును పట్టుకున్నాడు. "ముంషీ సాబ్, గా పోరడంటే నేనేనని, నా పేరు దేవిదాసని ఒక్క ముక్క రాయిండ్రి." దొర రాసిన కాగితం మీద తాను కలం పెడితే కచేరీలో ఉద్యోగం ఊడుతుందని వెంకట్రావు తల తిప్పుకున్నాడు. పదమూడేళ్ళు ఒకే వరండాలో తిరిగిన మనిషి.

ఇంటికొచ్చి జరిగినదంతా చెప్తే పోసవ్వ ఏడవలేదు. "గా పిలుపుకే గదా నా పిల్లను ఇడిసిపెట్టి ఉరికినవ్," అంది. ఆ పైన చాలా నెలలు ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి.

దేవిదాస్ మంజీరలో వల వేసి బతికాడు. చేపలు గంపలో పెట్టుకుని అంగడికి పోతే, జనం ఎప్పటిలాగే "ఓ బోయీ!" అని పిలిచేవాళ్ళు. అందులో తప్పేమీ లేదు, మేనా మోసినా వల వేసినా అతని కులానికి తాతల నాటి నుంచీ అదే పిలుపు. కానీ అతను తిరిగి చూడలేకపోయేవాడు. బేరాలు పోయేవి. చివరికి గంప పోసవ్వే ఎత్తుకుంది.

"నీకు చెవుడొచ్చిందనుకుంటున్నరు అంగట్ల," అందొక రోజు.

"అనుకోనీ," అని అతను తెగిన వల అల్లుకుంటూ కూర్చున్నాడు.