బస్తాల తర్వాతే మనుషులు

మా బావ ట్రయల్ వెయ్యకుండా ఏ పనీ చెయ్యడు. ఆయన గురించి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతా జీవితచరిత్ర ఎవరికి వాళ్ళు ఊహించుకోవచ్చు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. బావ లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. కొత్త లిఫ్టు బిగించగానే మనుషుల్ని ఎక్కించరు. ముందు మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు ఎక్కించి, పైకీ కిందికీ తిప్పి, బస్తాలు క్షేమంగా తిరిగొచ్చాయని రూఢి చేసుకున్నాకే మానవజాతికి తలుపు తెరుస్తారు. లిఫ్టుల విషయంలో ఇది చాలా మంచి పద్ధతి. బావ దీన్ని సంసారానికి కూడా వర్తింపజేశాడు.

వాళ్ళింట్లో కొత్త సోఫా కొన్నప్పుడు దానిమీద కొన్నాళ్ళపాటు ఒక బస్తా కూర్చుంది. చూడ్డానికి వెళ్ళిన మేమంతా కింద చాప మీద కూర్చున్నాం. మా బాబాయి ఊరుకునే రకం కాదు.

"ఏమయ్యా అల్లుడూ! ఇంత పెద్దవాణ్ణి నేను నేలమీదా, అది సోఫా మీదానా?"

"మీరు దానికంటే బరువు మావయ్యగారూ. దాని సంగతి తేలాక మీ సంగతి చూస్తాను" అన్నాడు బావ వినయంగా.

గొడుగు కొన్న రోజున ఆఫీసు బట్టలతో, బూట్లతో స్నానాలగదిలో షవరు కింద గొడుగు వేసుకుని నిలబడ్డాడు. అక్క తలుపు తీసి చూసి నోరెళ్ళబెట్టింది. "కారుతుందని వానలో తెలిస్తే ఏం లాభం?" అన్నాడట లోపలినుంచి. అక్క తలుపు మళ్ళీ దగ్గరికి వేసి, తువ్వాలు తేవడానికి వెళ్ళింది.

అక్క పుట్టినరోజుకి ఆమెకి తెలియకుండా విందు ఏర్పాటు చేసి ఆశ్చర్యపరచాలనుకున్నాడు. ఆలోచన మంచిదే. కానీ ముందురోజు దానికీ ట్రయల్ వేశాడు, అక్కతోనే. "నువ్విలా లోపలికొస్తావు, లైట్లు వెలుగుతాయి. ఆఁ, ఇప్పుడు ఆశ్చర్యపో. ఊహూఁ, చాల్లేదు. కనుబొమలు ఇంకాస్త పైకి." మర్నాడు అక్క ఎంత చక్కగా ఆశ్చర్యపోయిందంటే చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయారు.

ఇలాంటి మనిషి చేతికి మా కుటుంబమంతా కలిసి థీమ్ పార్కుకి వెళ్ళే బాధ్యత అప్పగించడం తెలివైన పని కాదని నాకు తెలుసు. అయినా అప్పగించాం. దానికి కారణం మా అమ్మ.

మా అమ్మది లోకంలో ఒకటే హోదా: సంచుల కాపలా. ఎక్కడికి వెళ్ళినా, "మీరు వెళ్ళిరండర్రా, నేను సంచులు చూస్తుంటాను" అని బెంచీ మీద కూర్చుంటుంది. జూకి వెళ్ళినా బెంచీయే, సముద్రానికి వెళ్ళినా బెంచీయే. ఏ ఊళ్ళో ఏ బెంచీకి వీపు ఆనుకునే వీలుందో చెప్పగలదు, అక్కడ ఇంకేముందో మాత్రం చెప్పలేదు. ఈసారి మేం తెచ్చిన పార్కు కాగితంలో జెయింట్ వీల్ బొమ్మ చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇదెక్కితే ఊరంతా కనిపిస్తుందిట్రా?"

"కనిపిస్తుంది. ఎక్కుతావా?"

"నాకెందుకు లెద్దూ" అంది. కాగితం మాత్రం నాకు తిరిగివ్వలేదు.

అక్క అది చూసింది. "ఈసారి అమ్మని చక్రం ఎక్కించకుండా తిరిగొచ్చామో, నేనెవ్వరితోనూ మాట్లాడను" అంది. బావ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఈ ప్రయాణం నాకు వదిలెయ్యండి. కానీ ఒక్క షరతు. ట్రయల్స్ పూర్తి కాకుండా ఎవరూ గడప దాటకూడదు."

మా తలప్రాణం తోకకి రావడం ఆ క్షణంనుంచి మొదలైంది.

మొదటిది క్యూ ట్రయల్. మా అపార్ట్‌మెంటు వరండాలో నేలమీద టేపు అంటించి, సాయంత్రం పూట మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. కదలకూడదు. మధ్యలో తనే వచ్చి, ముక్కూమొహం తెలియని మనిషిలా నటిస్తూ వరసలో దూరాడు. బాబాయి నటించలేదు. కాలరు పట్టుకున్నాడు. "వెనక్కి పోవయ్యా! మేం మనుషులం కాదా?"

"భేష్ మావయ్యగారూ, పాస్!" అన్నాడు బావ ఊపిరాడక.

ఈలోగా పై అంతస్తు ఆవిడ దిగొచ్చి, వరసని చూసి వెనకాల నిలబడింది. ఆవిణ్ణి చూసి మరో ఇద్దరు నిలబడ్డారు. "ఏమిస్తున్నారండీ?" అని నన్నడిగింది. "ఏమీ ఇవ్వరమ్మా, ఊరికే ప్రాక్టీసు" అన్నాను. దాస్తున్నాననుకుంది. మేం ఇళ్ళకి వెళ్ళిపోయాక కూడా ఆవిడ అక్కడే ఉందని వాచ్‌మన్ చెప్పాడు.

తర్వాత తప్పిపోయే ట్రయల్. జనంలో తప్పిపోతే ఎలా దొరకాలో నేర్చుకోవడానికి మమ్మల్ని కూరగాయల మార్కెట్టులో వదిలాడు. అందరం దొరికాం, బాబాయి తప్ప. ఆయన మార్కెట్టు పక్కన సినిమాహాల్లో, పూర్తి ఆట అయ్యాక దొరికాడు. బావ తీర్పు చెప్పాడు: "తప్పిపోవడంలో ప్రతిభ ఉంది. దొరకడంలో ఫెయిల్."

ఇక బస్తాలు. మనిషికొక బస్తా, మనిషి బరువుకి సమానంగా. వాటిని అద్దె వ్యానులో సీట్లలో కూర్చోబెట్టి, బెల్టులు పెట్టి, బావ ఊరంతా తిప్పుకొచ్చాడు. సిగ్నళ్ళ దగ్గర జనం వంగి వంగి చూశారట. ఇంటిముందు దించుతుంటే నా భార్య తన బస్తాని గుర్తుపట్టింది.

"అన్నయ్యగారూ, నాది అంత లావుగా ఉందేమిటి?"

"లావు కాదమ్మా, ఇసుక కాస్త తడిసింది" అన్నాడు. ఆయన జీవితంలో ట్రయల్ లేకుండా చెప్పిన మొదటి అబద్ధం అదే అనుకుంటాను. చాలా చక్కగా చెప్పాడు.

బాబాయి బాధ వేరు. "నా బస్తాకి కిటికీ సీటిచ్చి, నాకు మధ్య సీటిస్తావా?" అని రెండ్రోజులు అలిగాడు.

వీటన్నిటినీ భరించాం. భరించలేనిది లిఫ్టు ట్రయల్. జెయింట్ వీల్‌కి అలవాటు పడాలంటూ రోజూ సాయంత్రం అందర్నీ మా అపార్ట్‌మెంటు లిఫ్టులో నిలబెట్టి పైకి తీసుకెళ్ళేవాడు. రెండో అంతస్తు దాకా కళ్ళు మూసుకోవాలి. మూడో అంతస్తులో తెరవాలి. పై అంతస్తు చేరాక డాబా గోడ దగ్గర నిలబడి కిందికి చూసి, ఒకరొకరుగా "బాగుంది" అనాలి. మా అమ్మని కూడా వదల్లేదు ఆ కర్కోటకుడు. మోకాళ్ళ నొప్పులతో కూడా లిఫ్టు ఎక్కకుండా మెట్లమీదే దిగే మనిషి అమ్మ. "కాళ్ళు ఆడాలిరా" అంటుంది. ఆవిణ్ణి లిఫ్టు మూలలో నిలబెట్టి కళ్ళు మూసుకోమనడం చూసి నాకు ఒళ్ళు మండింది.

"బావా, పెద్దావిడ! ఆవిణ్ణయినా వదిలెయ్యవయ్యా!"

"టీమన్నాక అందరూ సమానమే" అన్నాడు.

మేం బయల్దేరాల్సిన ఆదివారం వచ్చింది. "ఇంకా సిద్ధంగా లేం" అన్నాడు. వాయిదా. మరో ఆదివారం వచ్చింది. అందరం మొహాలు కడుక్కుని, బూట్లు వేసుకుని కూర్చున్నాం. లిఫ్టులో ఒకసారి పైకెళ్ళొచ్చి, తల అడ్డంగా ఊపాడు.

"ఎవరయ్యా సిద్ధంగా లేనిది?" గర్జించాడు బాబాయి.

"మొత్తం టీము."

"నేను కళ్ళు మూశాను, తెరిచాను, బాగుందన్నాను! ఇంకేం చెయ్యమంటావు, లిఫ్టుకి ముద్దు పెట్టమంటావా? పదండ్రా, ఈయన్నొదిలేసి మనమే పోదాం!"

మేమంతా లేచాం. కూర్చునే ఉన్న అమ్మ అంది: "కూర్చోండర్రా. అల్లుడుగారు చెప్పినట్టు వినండి. ఇంకొక్క వారం."

అమ్మ మాట కాదనలేక కూర్చున్నాం. ఇలాగే వారాలు జారిపోతే ఆవిడ ఇక ఈ జన్మకి చక్రం ఎక్కదు కదా, అది తెలియక వెనకేసుకొస్తోందే అని నాకు జాలేసింది.

ఆ వారం గడిచింది. శనివారం సాయంత్రం లిఫ్టులోంచి బయటికొచ్చిన బావ మొహం వెలిగిపోతోంది. "పాస్" అన్నాడు. ఎవరు ఏ విషయంలో బాగుపడ్డామో మాకు అర్థం కాలేదు.

మర్నాడు పార్కులో అడుగుపెట్టిన కాసేపటికే బావ ప్లానుకి ప్రాణం పోయింది. ఆయన అనుకున్న గేటు మూసేశారు. మొదటెక్కాల్సిన నీళ్ళ జారుడుబల్ల మరమ్మతులో ఉంది. రెండోదాని ముందు ఎవరో స్కూలుని మొత్తం తెచ్చి నిలబెట్టినట్టున్నారు. నా భార్య నీళ్ళసీసా మూత తీసి పట్టుకుంది, ఈయన పడిపోతే మొహాన చల్లడానికి.

"పోతే పోనీండి" అన్నాడు బావ.

మేం కొయ్యబారిపోయాం. ఆ మాట ఆయన నోట కన్నవాళ్ళు కూడా విని ఉండరు. ఆయన మాత్రం అమ్మ చేతిలో సంచులు అందుకుని, తిన్నగా జెయింట్ వీల్ వైపు నడిచాడు.

అక్కడికి చేరగానే ఇనప స్తంభానికి చెవి ఆనించి, వేళ్ళతో తట్టాడు. చక్రం నడిపే మనిషి బెదిరిపోయాడు.

"ఏం సార్, డాక్టరా?"

"లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ని."

"ఇది లిఫ్టు కాదు సార్."

"మనిషిని పైకి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చేదేదైనా లిఫ్టే. ముందు ట్రయల్ వెయ్యి. ఈ సంచులెక్కించు."

"సంచులకి టికెట్ ఎవరు కొంటారు సార్?"

"నేనే కొంటాను."

మా సంచులన్నీ ఒక డబ్బాలో దర్జాగా కూర్చుని ఆకాశానికెళ్ళాయి. క్యూలో ఉన్నవాళ్ళు తలలెత్తి చూశారు. బాబాయి ఎవరితోనో "మాకు తెలిసినవాళ్ళు కారు" అంటున్నాడు. సంచులు క్షేమంగా కిందికొచ్చాయి. అమ్మ అలవాటుకొద్దీ బెంచీ కోసం చుట్టూ చూసింది.

"మీరెళ్ళండర్రా, నేను సంచులు..."

"సంచులు దిగడం లేదు అత్తయ్యా, ఇంకో రౌండు వెళ్తున్నాయి" అన్నాడు బావ. "చూసుకోవాలంటే మీరూ ఎక్కాలి."

అమ్మ ఒక కాలు డబ్బాలో పెట్టి ఆగిపోయింది. రెండో కాలు నేలని వదలడం లేదు. వెనక నిలబడ్డ నాకు బావ గుసగుస వినిపించింది.

"ఇది మన లిఫ్టే అత్తయ్యా. కాస్త గుండ్రంగా తిరుగుతుంది, అంతే."

"కళ్ళు మూసుకోనా నాయనా?"

"రెండో అంతస్తు దాకా మూసుకోండి. ఎప్పుడు తెరవాలో నేను చెబుతాగా. నిన్న ఎంత బాగా తెరిచారు!"

అమ్మ రెండో కాలు లోపల పెట్టింది. బావ పక్కన కూర్చున్నాడు. చక్రం కదిలింది. నేను అక్కవైపు తిరిగాను.

"అమ్మకి లిఫ్టంటే భయమా?"

"చచ్చేంత. ఎక్కాలని ఎంత ఆశో, అంత భయం. మీకు తెలిస్తే నవ్వుతారని ఆయనొక్కరికే చెప్పుకుంది. నాకూ నిన్ననే చెప్పారు. ఆవిడొక్కదానికే నేర్పితే మీరు పసిగట్టేస్తారని, అందరికీ నేర్పారు."

ఇన్నాళ్ళూ సిద్ధంగా లేని 'మొత్తం టీము' ఎవరో అప్పుడు తెలిసింది. అయినా అడిగాను. "మరి ఆ క్యూలో నిలబెట్టడం, మార్కెట్లో వదలడం?"

"అవి మాత్రం ఆయన సరదాకే" అంది అక్క.

పైనుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఒరేయ్! ఊరంతా కనిపిస్తోందిరా! ఎవరో మేడమీద బట్టలు తియ్యడం మర్చిపోయారు!"

దిగాక అమ్మ మొహంలో పదేళ్ళు తగ్గాయి. సంచుల వంకైనా చూడలేదు. ఎదురుగా జనాన్ని వేసుకుని అటూ ఇటూ ఆకాశంలోకి ఊగుతున్న పెద్ద పడవని చూస్తోంది.

"అదేదో బాగున్నట్టుంది. పదండి అల్లుడుగారూ."

బావ మొహం తెల్లబోయింది. "అత్తయ్యా, దానికి ట్రయల్ వెయ్యలేదు."

"మనం ఎక్కడమే ట్రయల్ అనుకోండి నాయనా. పదండి, క్యూ పెరిగిపోతోంది."

బావ మావైపు చూశాడు. మేమెవరం సాయం చెయ్యలేదు. కళ్ళజోడు తీసి నాకిచ్చాడు. వాచీ ఇచ్చాడు. కాసేపు ఆలోచించి పెన్ను కూడా ఇచ్చాడు. బస్తా లేదు, టేపు లేదు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా బావ ఏ ట్రయలూ లేని పనికి నడిచి వెళ్ళాడు.

పడవ పైకి లేచింది. పార్కంతా దద్దరిల్లేలా ఒక కేక వినబడింది.

"అయ్యో, వదిన భయపడినట్టుందిరా!" అన్నాడు బాబాయి కంగారుగా.

"అది అమ్మ కాదు బాబాయ్" అన్నాను.

పడవ మళ్ళీ మావైపు ఊగినప్పుడు ఇద్దరూ స్పష్టంగా కనిపించారు. అమ్మ ఒక చేత్తో మాకు టాటా చెబుతోంది. రెండో చేత్తో, మధ్యలో దిగిపోకుండా, అల్లుడుగారి కాలరు గట్టిగా పట్టుకుని ఉంది.