పెద్దమ్మ పారేసుకోని టికెట్

మొన్న జహీరాబాద్‌లో కోహీర్ బస్సెక్కితే, ముందు సీట్లో ఒక ముసలామె కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్‌ను కొంగు చివర పెట్టి రెండు ముళ్ళు వేస్తోంది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమయ్యాక ఆ కాగితాన్ని అంత భద్రంగా దాచుకునేవాళ్ళను నేను చూడలేదు. ముఖం చూడకముందే గుర్తుపట్టాను, మా వెనకింటి పెద్దమ్మ. ఆమెకు ఆ అలవాటు చేసింది నేనే.

నాకు పదిహేడేళ్ళప్పుడు ఇంటర్ చదువుతూ కోహీర్ నుంచి రోజూ జహీరాబాద్ వచ్చేవాణ్ణి. ఒక రోజు తిరుగు ఛార్జీ కాస్తా బస్టాండు ముందు మిరపకాయ బజ్జీలకు పోయింది. బజ్జీలు మాత్రం బాగున్నాయి, ఆ అబద్ధం కూడా ఎందుకు ఆడాలి? జామపండ్లమ్ముకుని ఖాళీ గంపతో పెద్దమ్మ కూడా అదే బస్సెక్కింది. కాలు పెట్ట సందు లేదు. అలాంటప్పుడు డబ్బులు చేతులు మారుతూ కండక్టర్ దాకా పోవడం, టికెట్ అలాగే వెనక్కి రావడం మా దగ్గర మామూలే. పెద్దమ్మ టికెట్‌కు చివరి చెయ్యి నాది. సరిగ్గా అప్పుడే చెకింగ్ వాళ్ళు బస్సు ఆపారు. ఇద్దరి ఊరూ ఒకటే, ఛార్జీ ఒకటే. టికెట్ నా దగ్గరే ఉంచుకున్నాను.

"పైసలిచ్చిన బిడ్డా, ఒట్టు! టికెటే రాలే."

"అందరు గట్లనే అంటరమ్మా," అన్నాడు చెకింగ్ ఆయన.

పండ్లమ్మిన డబ్బంతా జరిమానాకు పోయింది. బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి చెట్లు చూశాను.

మొన్న ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. చెంప పగులుతుందనుకున్నాను.

"అంటే నేను పారేస్కోలేదా?"

"లే పెద్దమ్మా. నేనే తీస్కున్న."

"గాడ్ది కొడుకా! గా దినం సంది నాకు సోయి లేదని మా ముసలాయన పైసలు నా చేతికియ్యకపాయె. ఎండల అమ్మేది నేను, పైసల సంచి ఆయన దగ్గర!" ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, నా నోటి ముందు పట్టింది. "జర నువ్వే చెప్పు."

చెప్పాను. అవతల పెద్దనాన్న చాలాసేపు దగ్గాడు.

"గిన్నేండ్లకా చెప్పుడు?" అని, తర్వాత మెల్లగా, "తప్పు నాదేనే. ఇగ సంచి నువ్వే పెట్టుకో," అన్నాడు.

"జర గట్టిగ చెప్పు, బస్సుల చప్పుడున్నది!"

చప్పుడేమీ లేదు. అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి వెనక సీట్ల దాకా వినిపించింది. పెద్దమ్మ ఫోన్ పెట్టేసి, నా వీపు మీద ఒక్కటి చరిచి, హాయిగా నవ్వింది. నా గుండె కూడా చాలా ఏళ్ళకు తేలికపడింది.

నాకు తల నెరిసింది గానీ, ఆ తప్పుకు మాత్రం మొన్నటిదాకా పదిహేడేళ్ళే.