స్లిప్పు మీద లేని పేరు

1996 జూన్‌లో మద్రాసు శివారు మనలిలోని ఒక ప్రైవేటు రసాయన కర్మాగారంలో టెక్నికల్ ఇన్ఫర్మేషన్ ఆఫీసరుగా చేరాను. పేరు పెద్దదే గాని కూర్చునేది లైబ్రరీలోనే. అంతకుముందు పన్నెండేళ్లు ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేశాను. ఇక్కడ నాది జూనియర్ ఆఫీసర్ గ్రేడు, అంటే క్యాంటీన్లో ఆఫీసర్ల వైపు ఆఖరి బల్ల. పొద్దున ఆరున్నరకు మైలాపూరు లజ్ కార్నర్లో కంపెనీ బస్సు ఎక్కితే ఎనిమిదికి గేటు ముందు దిగేదాన్ని.

నన్ను తీసుకున్నది ఇంటర్నెట్ కోసం. అప్పటికి కంపెనీకి ఉన్నది ఒకే ఒక్క కనెక్షను. ఫోను లైనుకు మోడెం తగిలించి డయల్ చేయాలి, పది సార్లు ఎంగేజ్ టోను వచ్చాక పదకొండోసారి తగిలితే మన అదృష్టం. బొమ్మలు లేవు, నల్ల తెర మీద అక్షరాలు మాత్రమే. రోజుకు ఒక గంట వెబ్ పేజీలు తిరగడం, మన పరిశ్రమకు పనికొచ్చేవి ఏరడం, పదిహేను రోజులకొకసారి వాటి సారాంశాన్ని ఎనిమిది పేజీల సంచికగా ముద్రించి ఆఫీసర్లకు పంపడం నా డ్యూటీ. ఇప్పుడు ఫోను ఉన్న ప్రతివాడూ పొద్దున లేస్తూనే పదిమందికి లింకులు పంపుతున్నాడు. ఆ రోజుల్లో దానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకునేవారు, ఆ మనిషిని నేను.

సంచిక పైన ఒక సర్క్యులేషన్ స్లిప్పు గుచ్చేదాన్ని. పేర్లు హోదా క్రమంలో ఉంటాయి. మొదట వర్క్స్ మేనేజరు రాఘవన్ గారు, ఆఖరున షిఫ్ట్ ఇన్‌చార్జిలు. ఎవరికి వారు చదివి, పొట్టి సంతకం పెట్టి, రెండు రోజుల్లో కిందివారికి పంపాలి. పంపేవారు కాదు. ఇరవై రెండు పేర్లు దాటి నా బల్ల మీదకు తిరిగొచ్చేసరికి మూడో సంచిక అచ్చయ్యేది. యంత్రాలను నిజంగా ముట్టుకునే ఆపరేటర్ల పేర్లు స్లిప్పు మీద లేనే లేవు. అది తప్పని నాకు అప్పుడు తోచలేదు. పైగా రాఘవన్ గారు సంచిక మొదటి పేజీ మీద ‘గుడ్’ అని రాసిన రోజున బస్సులో పక్క సీటావిడకు కూడా చూపించాను.

దేవదానం ఆపరేటరు. వ్యాసర్పాడిలో ఉండే తెలుగు కుటుంబం, పదో తరగతి చదువు, పంపుల దగ్గర పదిహేనేళ్ల అనుభవం. షిఫ్టు దిగాక లైబ్రరీకి వచ్చి తమిళ పేపరు చదివి వెళ్లేవాడు. నాది తెలుగని తెలిశాక పేపరు మానేసి కబుర్లు మొదలుపెట్టాడు. వాళ్ల మాటా మా ఇంటి మాటా ఇంచుమించు ఒకటే. అతని పిల్లలు మాత్రం తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్పేవారట.

1998 మే నెలలో ఒక మధ్యాహ్నం చేతిలో కవరుతో వచ్చాడు. అందులో రెండు రోజుల కిందట అందిన చార్జి మెమో ఉంది. మెమో అందిన ఏడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి, అది నచ్చకపోతే ఎంక్వైరీ ఆఫీసరును నియమిస్తారు. సంజాయిషీ ఇంగ్లీషులో రాసిపెట్టమని అడగడానికి వచ్చాడు. వర్కర్లకు అలాంటివి రాసివ్వడం నాకు అలవాటే.

ఆరోపణ సూటిగా ఉంది. సాల్వెంటు, అంటే ద్రావకం, తోడే పంపులో మెకానికల్ సీలు నెలలో మూడుసార్లు కాలిపోయింది. సీలంటే ఇరుసు బయటికి వచ్చే చోట ద్రవం కారకుండా పట్టి ఉంచే ఉంగరం. లోపల ద్రవం లేకుండా పంపు తిరిగితే అది నిమిషాల్లో మాడిపోతుంది. మూడుసార్లూ డ్యూటీలో ఉన్నది దేవదానమే కాబట్టి, వాల్వు తెరవకుండా పంపు నడిపాడన్నది మెమో సారాంశం. రెండేళ్ల కిందట అతనికి మరో మెమో వచ్చింది, అది రుజువైంది కూడా. ఇది కూడా రుజువైతే ఉద్యోగం పోవడం ఖాయం. గోరుచుట్టు మీద రోకటి పోటు.

“వాల్వు తెరిచే ఉండింది మేడమ్. నా బిడ్డల మీద ఒట్టు. పంపు దానంతట అదే గులకరాళ్లు నమిలినట్టు సద్దు చేసింది. నేను ఆపేలోపల పాయె. ఆడ నిలబడుకోని చూస్తా ఉండా, ఏం చేసేది?”

“షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పినావా?”

“చెప్తినే! నువ్వు వాల్వు చూసుకో పో అనేసినాడు. లాగ్‌బుక్కులో కూడా రాసి ఉండా. ఎవురు చదవతారు?”

ఒక్క సంగతి నాకు వింతగా తోచింది. ఆ నెల మధ్యాహ్నం షిఫ్టు ఎక్కువ రోజులు అతనిదే, మూడుసార్లూ రెండున్నర, నాలుగు మధ్యే జరిగింది. రాత్రి షిఫ్టులో అదే మనిషి అదే పంపును నడిపితే చిన్న సద్దు కూడా లేదు. నిర్లక్ష్యానికి ముహూర్తాలు ఉండవు కదా. కాని పంపుల గురించి నాకు తెలిసింది సున్నా, తెలిసిన ఇంజనీర్లేమో మెమో మీద సంతకం పెట్టినవాళ్లు.

అప్పట్లో ఈమెయిలు జాబితాలుండేవి. ఒక చిరునామాకు ఉత్తరం పంపితే అందులో చేరిన వాళ్లందరికీ చేరుతుంది, జవాబు కూడా అందరికీ వస్తుంది. ముఖాలు తెలియని మనుషులు ఒక వృత్తి పేరున కూడుకునే రచ్చబండ అది. పంపుల మీద పనిచేసేవాళ్ల జాబితా ఒకదానిలో నేను ఏడాదిగా ఉన్నాను. సంచికకు సరుకు ఏరుకోవడం తప్ప ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ సాయంత్రం విప్పాను. కంపెనీ పేరు, ఊరి పేరు రాయకుండా దేవదానం చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను. వర్క్స్ మేనేజరు రాతపూర్వక అనుమతి లేకుండా సాంకేతిక సమాచారం గేటు దాటకూడదని సర్వీసు నిబంధనల్లో ఉంది. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు. తెలిసే పంపాను.

మర్నాటికి నాలుగు జవాబులు వచ్చాయి. మూడింటిలో ఎదురు ప్రశ్నలే. నాలుగోది గల్ఫులో ఒక ప్లాంటు ఫిట్టరు రాసింది. మీ ద్రావకం ఎన్ని డిగ్రీలకు మరుగుతుంది, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు ఎండలో ఉందా, మధ్యాహ్నం మూడింటికి దాని మీద చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి నిలవకపోతే మీ పంపు తాగుతున్నది ద్రవం కాదు ఆవిరి, అన్నాడు. కింద ఒక వెబ్ పేజీ చిరునామా ఇచ్చాడు.

మా ద్రావకం నలభై డిగ్రీలకే మరుగుతుంది. ఆ పైపును జనవరిలో మరమ్మతులకు ప్లాంటు ఆపినప్పుడు చోటు కలిసొస్తుందని పడమటి గోడ వెంట మార్చారు. మే నెల మద్రాసు ఎండ సంగతి చెప్పనక్కరలేదు.

పేజీ తెరిచాను. పైపు వేడెక్కితే పంపు సీలు ఎలా మాడుతుందో అందులో ఉంది. నాలుగు వరుసలు చదివేసరికి ముఖం చిట్లించుకున్నాను. ఇది చూసిన పేజీయే. లేచి పాత ఫైలు తీస్తే, ఫిబ్రవరిలో నేనే అచ్చు తీసి పక్కన పెట్టిన కాగితం దొరికింది. అంచున పెన్సిలుతో నా దస్తూరీ: ‘మరీ ప్రాథమికం. వద్దు.’ ఇలాంటి చిన్న విషయం స్లిప్పు మీద మొదటి పేరుగా ఉన్న పెద్దమనిషి ముందు పెడితే నన్ను తక్కువగా చూస్తాడని కదా వద్దనుకున్నాను! సంచికలో దాని బదులు వేసింది ఏదో విదేశీ ప్లాంటులో కంప్యూటర్ నియంత్రణ మీద వ్యాసం. అది ఇరవై రెండు సంతకాలు వేయించుకుంది, ఒక్కరికీ అక్కరకు రాలేదు. దేవదానం మెమోలో నా వాటా కూడా ఉంది.

మధ్యాహ్నం భోజనం కాగానే జవాబులు, ఆ ఫిబ్రవరి కాగితం, నేను చేసిన ఉల్లంఘన ఒప్పుకుంటూ అర పేజీ నోటు కలిపి నేరుగా రాఘవన్ గారి గదికి వెళ్లాను. క్రమం ప్రకారం అది నా పై అధికారి ద్వారా వెళ్లాలి. వెళితే వారం పడుతుంది, దేవదానానికి మిగిలింది నాలుగు రోజులు.

రాఘవన్ గారు నోటు చదువుతూనే మండిపడ్డారు. మన పంపు కథ ప్రపంచమంతా చాటడానికి మీరెవరు, లైబ్రేరియన్‌కు పంపుతో పనేమిటి అన్నారు. నేను చెప్పింది ఒకటే: తప్పు చేశాను, శిక్ష వేయండి, కాని ముందు నాలుగో కాగితం చదవండి. చదివారు. మళ్లీ చదివారు. గోడ గడియారం చూసి, హెల్మెట్ తీసుకుని బయటికి నడిచారు. నేను వెనకే వెళ్లాను.

పడమటి గోడ దగ్గర పైపు మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశారు. రెండోసారి ఆనించలేదు. పక్కనే నిలబడిన దేవదానాన్ని చూసి, నీళ్లలో తడిపిన గోనెసంచులు పైపంతా చుట్టమని, గంటకోసారి నీళ్లు పోయమని తమిళంలో చెప్పి వెళ్లిపోయారు. వారం పాటు సంచులు తడుపుతూనే ఉన్నారు. పంపు నోరెత్తలేదు. ఆ పైన పైపుకు వేడి తగలకుండా తొడుగు వేయించారు.

చార్జి మెమో ఉపసంహరించారు. ‘తప్పు ఆపరేటరుది కాదు’ అన్న వాక్యం మాత్రం అందులో లేదు, ఆఫీసులు ఆ వాక్యం రాయవు. నాకు హెచ్చరిక మెమో వచ్చింది. అది న్యాయమే గనక సంతకం పెట్టి తీసుకున్నాను. దేవదానం ఆ రోజు లైబ్రరీకి వచ్చి, ఎప్పుడో మానేసిన తమిళ పేపరు తిరగేశాడు. వెళుతూ, “ఇంట్లో మెమో సంగతి చెప్పలా మేడమ్. ఈ పొద్దు చెప్తా,” అన్నాడు.

తర్వాత నేను సంచిక ఆపేశాను. దాని బదులు కంప్యూటర్ విభాగంలో ప్రోగ్రామరైన మాలతి, నేను కలిసి కర్మాగారం లోపలి కంప్యూటర్ల మీద ఒక ఎలక్ట్రానిక్ బోర్డు కట్టాం. ఎవరైనా తమ ఉద్యోగి నంబరుతో లోపలికి వచ్చి ప్రశ్న రాయవచ్చు, ఎవరైనా జవాబివ్వవచ్చు. ఒక టెర్మినలు కంట్రోల్ రూములో ఆపరేటర్లకే పెట్టించాం. ప్రతి మాటా శాఖాధిపతి ఆమోదించాకే కనబడాలని కొందరు పట్టుబట్టారు. అది ఒప్పుకుంటే మళ్లీ స్లిప్పే అని రాఘవన్ గారితో వాదించి నెగ్గాను. ఆయన పెట్టిన షరతు ఒకటే, ఆకాశరామన్న రాతలు కూడదు, పేరుండాలి.

బోర్డు మొదలైంది. మూడు వారాలు బోడిగా ఉంది. ఆఫీసర్లు రాఘవన్ గారు రాసేదాకా ఆగారు, ఆపరేటర్లు ఆఫీసర్లు రాసేదాకా ఆగారు. చివరికి ఆయన శుభాకాంక్షలు రాశారు. ఒక్క పూటలో ముప్పై మంది ‘కంగ్రాట్స్ సార్’ అన్నారు. మళ్లీ నిశ్శబ్దం. మాలతి తల పట్టుకుంది.

నేను వెళ్లి రాఘవన్ గారిని ఒక కోరిక కోరాను. మీకు నిజంగా తెలియనిది ఒకటి అడగండి అన్నాను. తెలియదని వర్క్స్ మేనేజరు అందరి ముందూ రాయాలా అన్నట్టు చూశారు. రెండు రోజులు ఆలోచించి రాశారు. కూలింగ్ వాటర్ లైనులో రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు ఒత్తిడి పడిపోయి, ఆరుంబావుకు దానంతటదే సర్దుకుంటోంది, కారణం నాకు అంతుపట్టలేదు, మీకెవరికైనా తెలుసా?

నాలుగు రోజులు ఒక్క జవాబూ లేదు. ఐదో రోజు కంట్రోల్ రూము టెర్మినలు నుంచి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తమిళ జవాబు ఒకటి వచ్చింది. రాసింది దేవదానం. “సార్, ఆ టైముకు రాత్రి షిఫ్టు వాళ్లు దిగే ముందు ఫ్లోరు కడుగుతారు. హోసు గొట్టం ఆ లైనుకే తగిలించుకున్నాం. నేనూ కడుగుతాను. ఇది కింద అందరికీ తెలుసు సార్.”

అనుమతి లేకుండా లైనుకు హోసు తగిలించడం నేరం. మెమో నుంచి బయటపడి ఆరు నెలలు కాని మనిషి, తన పేరు పెట్టి, ఆ నేరం ఒప్పుకున్నాడు. ఆ పూట ఎవరూ సరిగా పనిచేశారని నేననుకోను. క్యాంటీన్లో రెండు వైపులా ఒకే మాట, ఇతని పని అయిపోయింది. నేనే కదా ఆ బోర్డు పెట్టించాను.

నాలుగు గంటలకు రాఘవన్ గారి జవాబు తెర మీదకు వచ్చింది. “చూశాను, మీరు చెప్పిందే నిజం. ఫ్లోరు కడగడానికి వేరే కుళాయి వేయిస్తున్నాం. మాకు తెలిసి ఉండవలసింది.” మెమో ఎవరికీ రాలేదు. మర్నాడు సాయంత్రానికి బోర్డు మీద పదకొండు ప్రశ్నలున్నాయి, వాటిలో ఏడు ఆపరేటర్లవి.

రిటైరయ్యే లోపల మరో రెండు సంస్థల్లో ఇలాంటి బోర్డులు కట్టాను. యంత్రాలు మారాయి, తెరలకు రంగులు వచ్చాయి. రెండు చోట్లా మొదట చేసిన పని మాత్రం ఒకటే. అక్కడి పెద్ద అధికారి తనకు తెలియనిది పేరు పెట్టి అడుగుతానని, జవాబిచ్చినవాడి మీద చర్య తీసుకోనని ఒప్పుకునేదాకా, నేను స్విచ్చి వేయనివ్వలేదు.