దారానికి అటు చివర

మా తాళ్ళ బాబాయిది ఒకటే జబ్బు. కదిలే వస్తువు కంటబడితే కట్టేయాలి. పెన్ను, గ్లాసు, గొడుగు, ఏదైనా సరే, ఆయన జేబులోంచి దారపుండ బయటికొచ్చేలోగా దాచుకోగలిగితే మీరు అదృష్టవంతులు. తాడూ బొంగరమూ లేనివాళ్ళను చాలామందిని చూశాను. బొంగరం ఊసే లేకుండా తాడొక్కదానితో బతుకు నెట్టుకొచ్చినవాణ్ణి మాత్రం ఈయన్నొక్కణ్ణే చూశాను.

తప్పు ఆయన ఉద్యోగానిది. మా పరిశోధన కేంద్రానికి ఒక విమానం ఉంది. ఒకప్పుడు ప్రయాణికులను మోసిన ముసలిది. సీట్లు చాలావరకు పీకేసి ఆ చోట పరికరాల పెట్టెలు బిగించారు. లోకంలోని విమానాలన్నీ ఉరుముల మబ్బును చూస్తే పక్కకు తప్పుకుంటాయి. మాది మాత్రం దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి మరీ దూరుతుంది, లోపల చినుకులు ఎలా పుడుతున్నాయో చూడాలని. దూరాక అది ఊగదు, మెట్ల మీంచి దొర్లిన రేకు డబ్బాలా పడుతుంది. అప్పుడు కట్టని చెంచా కూడా బాణమే. లోపల ఏదీ వదులుగా లేకుండా చూడటం బాబాయి పని. ఆ పనిని విమానంలోనే వదిలేసి ఇంటికెళ్ళే మనిషైతే ఆయన గురించి రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంట్లో పంచదార డబ్బాకు చెంచా, సోఫాకు టీవీ రిమోటు, కుళాయికి సబ్బు కట్టి ఉంటాయి. ఎప్పుడూ దారంతోనే పని గనక కాబోలు, ఆయన బొటనవేలికి ఉంగరం తీసేసినచోట పడ్డట్టు ఒక నొక్కు కూడా ఉంది. "ఈ ఇంట్లో కట్టెయ్యంది ఆయన్నొక్కర్నేనమ్మా, కనబడకుండా పోయేదీ ఆయనే" అంటుంది పిన్ని.

ఒకసారి మా డైరెక్టరుగారు వాళ్ళింటికి టీకి వెళ్ళారు. మాటల్లో పడి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. సెలవు తీసుకుంటూ దర్జాగా పెట్టుకున్నారు. కళ్ళజోడుతో పాటు బల్లమీది దీపం కూడా బయల్దేరింది. బాబాయి నొచ్చుకోలేదు సరికదా, "చూశారా సార్, పోలేదు" అన్నాడట.

మరోసారి ఒక పెద్ద ప్రొఫెసరుగారు విమానమెక్కారు. బాబాయి ఆయన పెన్ను కట్టాడు, పుస్తకం కట్టాడు, ఇక ఆయన నోటికేసి చూస్తూ నిలబడ్డాడు. ప్రొఫెసరుగారు చూపు అర్థం చేసుకుని, "ఇవి కట్టుడు పళ్ళేనయ్యా" అన్నారు. "ఎవరు కట్టారో గాని వదులుగా కట్టారు సార్" అన్నాడు బాబాయి.

ఈ నవ్వులన్నీ నేల మీద. నేను మొదటిసారి మబ్బులోకి వెళ్ళిన రోజు నవ్వలేదు. శాస్త్రం కోసం సాహసం అనే మాట ఉపన్యాసంలో బావుంటుంది. గాల్లో మాత్రం మనిషికి కావలసింది ఒక కాగితం సంచి. నాకు నాలుగు పట్టాయి. చినుకులను లెక్కపెట్టే నా పరికరాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేకపోయాను. నాలుగేళ్ళు కూర్చుని తయారుచేసిన పరికరమది. పక్కన మనిషి లేకపోతే పనిచేయదు. రేపు కూడా ఇంతే అయితే దాన్ని దింపేసి ఇంకొకరిది ఎక్కిస్తామని డైరెక్టరుగారు మెత్తగానే చెప్పారు. ఆ చోటు కోసం ముగ్గురు కాచుకుని ఉన్నారు.

మర్నాడు విమానం మెట్ల దగ్గర నా కాళ్ళు మొరాయించాయి. వచ్చినవాళ్ళంతా ధైర్యం చెప్పిపోయారు. రోడ్డు మీద జరిగే ప్రమాదాలతో పోలిస్తే ఇదెంత అన్నారు. ఆ లెక్కలు నాకూ తెలుసు. కాళ్ళకే తెలియదు. ఎలాగో ఎక్కి కూర్చున్నాను. బాబాయి వచ్చి నా నీళ్ళ సీసాను సీటుకు కట్టి, ఒక దారం కొస నా చేతిలో పెట్టాడు.

"అమ్మాయ్, నాకో పని చేసిపెడతావా?"

"చెప్పండి బాబాయ్."

"వెనక నా పక్కన పెద్ద పెట్టె ఉంది చూడు, దానిమీద నాకు నమ్మకం లేదు. ఈ దారం దానికి కట్టాను. బిగుతుగా పట్టుకుని కూర్చో. అనుమానమొస్తే ఒకసారి లాగు. నేను చూసి, బాగానే ఉంటే రెండుసార్లు లాగుతా. మధ్యలో వదిలావా, ఇక నా పూచీ లేదు."

మబ్బులో దూరాం. ఒక చెయ్యి పరికరం మీద, ఒక చేతిలో దారం. విమానం పడ్డప్పుడల్లా లాగాను. అటునుంచి రెండుసార్లు జవాబు వచ్చేది. మళ్ళీ లాగేదాన్ని. ఇంత విమానంలో అంత పెట్టెకు దారప్పోగు కాపలానా, దిగగానే డైరెక్టరుగారికి చెప్పాల్సిందే అని ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండేవాళ్ళకు వాంతి రాదని ఆ రోజే కనిపెట్టాను. నా పరికరం బతికింది. ఆ ఏడాదంతా పెట్టెను కాపాడింది నేనేనని కాంటీనులో గొప్పలు కూడా చెప్పుకున్నాను. మరుసటి ఏడాదికి నా ఒళ్ళు మబ్బులకు అలవాటు పడింది. పెట్టె మీద తనకు నమ్మకం కుదిరిందని బాబాయి దారం చుట్టేసుకున్నాడు.

మొన్నీమధ్య నా పరికరం తనంత తాను పనిచేయడం నేర్చుకుంది. దాంతో మొదటిసారి నేను వెనక సీట్లో, బాబాయి పక్కన కూర్చున్నాను. ముందున్న నా పాత చోట కొత్తగా చేరిన మీసాలాయన. గంభీరమైన మీసాలు, పాలిపోయిన మొహం. ఆయన చేతిలో దారం. అది నేల వెంబడి, సీట్ల కిందుగా పాక్కుంటూ వచ్చి, పెద్ద పెట్టెను దాటి, బాబాయి బొటనవేలికి చుట్టుకుంది.

"బాబాయ్, పెట్టె అటుంది కదా."

"ఔను."

"దారం ఇటుందేం?"

"పిడికిలంత బోల్టులు దిగ్గొడితే మళ్ళీ దానికి దారమెందుకే?"

దారం విసురుగా గుంజుకుంది. బాబాయి మబ్బుకేసి చూస్తూనే రెండుసార్లు లాగాడు.

"అయితే, అప్పుడు నాకిచ్చిన దారం?"

బాబాయి ఆ బొటనవేలు నా మొహం ముందు పెట్టాడు. దారం పక్కనే పాత నొక్కు. "ఇది నీ మొదటి ఏడాది సొమ్మే. ఎలా వచ్చిందని మీ పిన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంది."

ఇప్పుడు ఏదైనా గొప్పమాట అంటాడేమోనని భయపడ్డాను. అనలేదు. ఆయన చూపు నా ఒళ్ళో ఉన్న నీళ్ళ సీసా మీద పడింది.

"ఇన్నేళ్ళొచ్చాయి, సీసా కట్టుకోవడం రాదూ? ఇలా తే." ముడి వెయ్యడానికి రెండు చేతులూ కావాలి గనక, దారపు ఉచ్చు తన వేలి నుంచి తీసి నా బొటనవేలికి తగిలించాడు. "కాస్త చూస్తుండు."

అంతలో విమానం దబ్బున పడింది. వేలు ఊడొచ్చేంత పని చేశాడు మీసాలాయన. నేను రెండుసార్లు లాగాను. ముందు సీట్లో మీసాలు కుదుటపడ్డాయి.