కొలిస్తే దొరకని కోణం

గీతల పిన్ని వృత్తలేఖిని మొనను చుక్క మీద ఆనించి, ఊపిరి బిగబట్టి వృత్తం చుట్టింది. ఆ అచ్చాఫీసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె గీత చూసి స్కేలే సిగ్గుపడాలని మిషను దగ్గరి మనిషి వేళాకోళం. హైస్కూలు పిల్లల గణిత పోటీ పరీక్షకు ఇరవై రెండేళ్లుగా బొమ్మలన్నీ ఆమెవే.

వృత్తం బయట ఒక బిందువు. అక్కడి నుంచి రెండు స్పర్శరేఖలు, వాటి మధ్య కోణం నలభై డిగ్రీలు. అవి తాకిన రెండు చోట్లనూ వృత్తం అవతలి అంచు మీది ఒక బిందువుకు కలిపితే అక్కడ ఏర్పడే కోణమెంత? అరవై, అరవై అయిదు, డెబ్బై, డెబ్బై అయిదు. నాలుగింట్లో ఒకటి గుర్తించాలి.

పేపరు తయారుచేసిన మాస్టారు ఒకప్పుడు ఆమెకు లెక్కలు చెప్పినాయనే. బొమ్మ మీద కోణమాని పెట్టి చూశారు. సరిగ్గా డెబ్బై.

"ఇంత నిక్కచ్చిగా గీస్తే ఎలా అమ్మాయ్? ఈ ఏటి నుంచి హాల్లోకి కోణమాని తెచ్చుకోనిస్తున్నారు. ఆలోచించినవాళ్లకీ కొలిచినవాళ్లకీ ఒకటే మార్కు పడుతుంది. కాస్త తప్పు గీయి."

ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. పదో తరగతిలో ఇదే పోటీలో, లంబకోణంలా కనిపించిన కోణాన్ని నమ్మి ఒక్క మార్కుతో రెండో దశ పోగొట్టుకుంది ఆమె.

ప్రశ్నలో నలభై అలాగే ఉంచి, బొమ్మను మాత్రం యాభై ఎనిమిదితో మళ్లీ గీసింది. కొలిస్తే అరవై ఒకటి వచ్చింది. కొలిచిన పిల్ల అరవై పెట్టేసి గోతిలో పడుతుంది. గీతల పిన్ని ఆ కాగితం చింపేసింది.

గంటలో పేపరు అచ్చుకెళ్లాలని మాస్టారు గుర్తుచేశారు. "చాల్లే తల్లీ. బొమ్మ కొలతల ప్రకారం లేదని కింద వేస్తాంగా."

"నేను పరీక్ష రాసినప్పుడూ వేశారు మాస్టారూ. ఆ ఏడు బొమ్మ మీ చేతిదే."

మాస్టారు కోణమానిని బల్ల మీద అటూ ఇటూ తిప్పారు. ఎప్పటి నుంచి తెలుసని మెల్లగా అడిగారు.

"రాసిన రోజు నుంచే. బోర్డు మీద మీ గీత రోజూ చూసినదాన్ని. అందుకేగా ఈ పని పట్టుకున్నాను. మళ్లీ మిమ్మల్ని బొమ్మ గీయనిస్తానా?"

ఆయన నవ్వబోయి ఆగారు. ఆమె పెన్సిలు తీసుకుని, శ్రద్ధగా చెక్కి ఆమె ముందు పెట్టారు.

ఈసారి డెబ్బై రెండుతో గీసింది. కొలిస్తే యాభై నాలుగు. దాని దరిదాపుల్లో జవాబే లేదు; కొలిచిన పిల్ల కోణమాని పక్కన పెట్టి ఆలోచనలో పడాల్సిందే. స్పర్శరేఖలు మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా వృత్తాన్ని చెరో చోట తాకి వెళ్లాయి.

మాస్టారు కొలిచారు, జవాబులు చూశారు, తలూపారు. పెన్సిలు గీతల మీద సిరా దిద్ది, అది ఆరాక గీతల పిన్ని బొమ్మను కవరులో పెట్టి, రెండు చేతులతో ఆయనకు అందించింది.