బుధవారం ప్రేయర్ లైన్

దయ్యాలు, దర్శనాలు, కలలో దూతలు అంటూ ప్రార్థన కూటంలో ఎవరైనా సాక్ష్యం మొదలుపెడితే, నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం నేను. ప్రభువును నమ్ముతాను. మనుషులు చెప్పే కథల్ని అంత తేలిగ్గా నమ్మను. అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

అప్పట్లో మేం అమెరికాలో, నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. తెలుగు చర్చి దూరం. చలికాలం మంచులో అంత దూరం ఎవరు డ్రైవ్ చేస్తారు? అందుకని శనివారం ఉదయం ఫోన్‌లోనే ప్రార్థన. అందరం ఒకే కాన్ఫరెన్స్ నంబర్‌కి డయల్ చేసేవాళ్ళం. కరుణ ఆంటీ అనే రిటైర్డ్ నర్స్ ఆ లైన్ నడిపేది. ఆవిడ పిన్ కొడితేనే ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. అప్పటిదాకా వట్టి సంగీతమే. ప్రార్థన మధ్యలో ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసేది. "మ్యూట్ చేసుకోండమ్మా, మీ పప్పు సంగతి దేవుడికి తర్వాత చెబుదురుగాని" అనేది ఆంటీ.

ఒక బుధవారం మా ఆయన డానియేల్ ఆఫీస్‌లో కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు హాస్పిటల్లో. వెంటనే ఆపరేషన్ చేశారు. తర్వాత సర్జన్ బయటికొచ్చి, చేయగలిగిందంతా చేశామని చెప్పి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నర్స్ డానియేల్ బట్టలు, బూట్లు ఉన్న ప్లాస్టిక్ సంచి నా చేతికిచ్చింది. లోపలికి వచ్చి ఆయన పక్కన కూర్చోమంది.

బయట కుర్చీలోంచి నేను లేవలేకపోయాను. ఆ తలుపు దాటి ఆయన్ని చూస్తే అదంతా నిజమైపోతుందని భయం. నర్స్ మళ్ళీ వచ్చి, ఎక్కువ సమయం లేదని మెల్లగా చెప్పింది. ఆయన అక్కడ ఒంటరిగా పోతాడని తెలుసు. అయినా కదలలేకపోయాను. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" తర్వాత మాట రాలేదు. చిన్నప్పటినుంచి నోటికొచ్చిన ప్రార్థనలన్నీ ఎటు పోయాయో.

ఏం చేస్తున్నానో తెలియకుండానే ప్రేయర్ లైన్‌కి డయల్ చేశాను. వేళ్ళకు అలవాటైన నంబర్ అదొక్కటే. అలవాటుగానే మ్యూట్ కూడా నొక్కేశాను. ఆ రోజు శనివారం కాదన్న సంగతే తోచలేదు.

సంగీతం రాలేదు. ఒక పెద్దావిడ గొంతు వినబడింది, అప్పటికే ప్రార్థనలో ఉన్నట్టు. మా గుంటూరు వైపు మాట.

"తండ్రీ, సుగుణ ఒక్కతే కూచోనుందయ్యా. ఒళ్ళో బూట్ల సంచి పెట్టుకోని కూచోనుంది. దాని భయం తీసెయ్యి నాయనా. నువ్వు చెయ్యి పట్టుకో, లేసుద్ది."

సుగుణ నా పేరే. ఆవిడ వెనకాల ఎక్కడో కుక్కర్ కూత వేసింది. ఆవిడ ఆగలేదు. చివరికి ఆమేన్ అన్నాక లైన్ కట్ అయింది.

నేను లేచాను. అంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు. ఏడుపు తగ్గలేదు. భయం మాత్రం పోయింది. సంచి పట్టుకునే లోపలికి వెళ్ళి డానియేల్ చెయ్యి పట్టుకున్నాను. సాయంత్రం దాకా ఆయన చెవిలో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన పోయేటప్పుడు నా చెయ్యి ఆయన చేతిలోనే ఉంది.

అంత్యక్రియలయ్యాక ఆంటీని అడిగాను.

"బుధవారం లైన్ ఎవరు ఓపెన్ చేస్తారమ్మా? పిన్ నా ఒక్కదాని దగ్గరే ఉంది. అసలు డానియేల్ సంగతి మాకు తెలిసిందే రాత్రికి కదా" అంది.

మా లైన్‌లో అందరి గొంతులూ నాకు తెలుసు. అలాంటి గొంతు ఎవరిదీ కాదు. పొరపాటున వేరే ఎవరి లైనో కలిసిందని సర్దిచెప్పుకుందామన్నా, నా పేరు, ఆ బూట్ల సంచి అడ్డొస్తాయి.

ఇంకొకటి కూడా ఉంది. మా వాళ్ళు ఎవరికి జలుబు చేసినా స్వస్థత ఇమ్మని దేవుణ్ణి పట్టుబట్టి అడుగుతారు. ఫోన్‌లో ఆవిడ మాత్రం డానియేల్‌ను బతికించమని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన పేరే ఎత్తలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో అని ఆవిడ మీద నాకు కోపం వస్తుంది. ఆవిడ లేకపోతే నేను ఆ కుర్చీలోంచి లేచేదాన్నే కాదని కూడా తెలుసు.

శనివారాలు ఇప్పటికీ డయల్ చేస్తాను. కుక్కర్ కూత వినబడగానే ఆంటీ మ్యూట్ చేసుకోమని మొదలుపెడుతుంది.

"ఉండనివ్వండి ఆంటీ" అంటాను నేను.