రెండో గొంతు కోసం ఆగిన కవిత

కరోనా సద్దుమణిగి, మట్టెవాడలో నా స్పీచ్ థెరపీ క్లినిక్ మళ్లీ తెరిచిన ఏడాది అది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లే ఎక్కువగా వచ్చేవారు. "మాట రానీకె గోలీ ఏమన్న ఉంటదా మేడం?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఉంటే ఇంత గొంతు చించుకునే ఖర్మ నాకెందుకు అంటే అందరూ నవ్వుతారు.

సదానందం నవ్వలేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి మనిషి. దుబాయ్ హోటల్లో చాలా ఏళ్లు పనిచేసి, అక్కడే పరిచయమైన ఫిలిప్పీన్స్ అమ్మాయి మారిసెల్‌ను పెళ్లి చేసుకుని తిరిగొచ్చాడు. పిల్లలు లేరు. పక్షవాతంతో ఆమెకు కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి.

"మన తెలుగు మంచిగ మాట్లాడుతుండె మేడం. బేరంల కూరగాయలామెనే ఓడగొడుతుండె. ఇప్పుడు నన్ను సూసి ఏందో అంటాంది, ఒక్క ముక్క సమజైతలేదు. నాతోని ఒక్క మాట మాట్లాడితె సాలు."

ఆమెది అఫేజియా. తెలివి ఉంటుంది, మాట మాత్రం దొరకదు. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లకు అన్నీ సమానంగా తిరిగి రావు. కొందరికి చిన్ననాటి భాషే మిగులుతుంది. మారిసెల్‌కు వాళ్ల దేశపు భాష తగలాగ్ ముక్కలు మిగిలాయి. గ్లాసు చూపిస్తే తెలుగు మాట రాలేదు గాని, ఒకరోజు ఉన్నట్టుండి ఓ పూర్తి వాక్యాన్ని పాడినట్టు చెప్పేసింది. కంఠతా వచ్చిన పాటలు, ప్రార్థనలు ఇలా చెక్కుచెదరకుండా బయటికి రావడాన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆమె అంతటితో ఎడమవైపు తల తిప్పి ఆగిపోయింది. మాట అందడం లేదనుకుని, తను అన్నదాన్నే మళ్లీ మొదలుపెట్టి అందించబోయాను. ఆమె చిరాకుగా తల ఊపింది.

సదానందం కుర్చీలోంచి లేచాడు. "జర ఆగుండ్రి మేడం. ఆమె మరిసిపోలె. ఇప్పుడు పక్కనామె వంతు."

దుబాయ్‌లో మారిసెల్ గదిలోనే లూస్ అనే మెక్సికో అమ్మాయి ఉండేదట. ఇద్దరూ కలిసి ఒక కవిత రాసుకుని, సెలవు రోజున అందరి ముందు చదివేవారట. మారిసెల్ తగలాగ్‌లో అడుగుతుంది, లూస్ స్పానిష్‌లో జవాబు చెబుతుంది. సదానందం భార్యను మొదట చూసింది అక్కడే.

"నేను ఆమెను సూస్కుంట కూసున్న. అర్థమేందని ఎన్నడు అడగలె," అన్నాడు.

లూస్ నంబరు ఇంకా పనిచేస్తోంది. తన పంక్తులు చదివి పంపింది, మొత్తం కవిత అర్థం ఇంగ్లీషులో చెప్పింది. ఫిలిప్పీన్స్‌ను, మెక్సికోను స్పెయిన్ రాజులే ఏలారు, అక్కడి జనాల పాత పేర్లు తీసేసి తమ పేర్లు పెట్టారు. ఒకరి వెండి, ఇంకొకరి రేవుకు చేరిన పట్టు అవే ఓడల్లో సముద్రం దాటేవి. "మా అమ్మమ్మ పాత పేరు ఏ ఓడలో పోయింది?" అని మారిసెల్ అడుగుతుంది. "మా అమ్మమ్మ పేరు పోయిన ఓడలోనే," అంటుంది లూస్. "బల్లను మీరేమంటారు?" "మీరు అనేదే. దొర ఒక్కడే కదా." నిజాం కాలం, దొరల గడీల కథలు వింటూ పెరిగినదాన్ని, ఆ జవాబును నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఫోన్‌లో లూస్ గొంతు వినగానే మారిసెల్ వెక్కివెక్కి ఏడ్చింది. ఎడమచేత్తో ఫోన్‌ను తోసేసింది. మళ్లీ పెట్టే ధైర్యం మాకు లేకపోయింది.

"నేను నేర్సుకుంట మేడం," అన్నాడు సదానందం.

మగ్గం మీద కూర్చుని ఆ పంక్తులు వింటూ, నోరు తిరగక తనను తానే తిట్టుకుంటూ నేర్చుకున్నాడు. ఒకరోజు క్లినిక్‌లో ఆమెకు ఎడమపక్కన కూర్చున్నాడు. మారిసెల్ మొదటి పంక్తి చెప్పి తల తిప్పింది. అతను జవాబిచ్చాడు. కొత్తవాడ యాసలో ఆ స్పానిష్ వింటే స్పెయిన్ దొరలు ఓడెక్కి పారిపోయేవారు. ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత రెండో పంక్తి చెప్పింది. చివరిదాకా వెళ్లారు. నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఇక తెలుగు కూడా వస్తుందనుకున్నాను. రాలేదు. నెలల తరబడి ఎంత సాధన చేయించినా, తడబడకుండా వచ్చింది ఆ కవిత ఒక్కటే. చలికాలంలో పక్షవాతం మళ్లీ వచ్చింది. ఆమె దవాఖానలోనే చనిపోయింది.

కొన్ని రోజులకు, నేను ఇంటికి ఇచ్చిన బొమ్మల కార్డులు తిరిగివ్వడానికి సదానందం వచ్చాడు. వాటిని అందుకుంటూ, "కవితలోనైనా నీతో మాట్లాడింది కదన్నా," అన్నాను.

"ఇన్నేండ్లు నా భాషల మాట్లాడింది మేడం. ఆమె భాషల నేను ఒక్క ముక్క నేర్సుకోలె. ఆఖరికి నేర్సుకున్న మాటలు గూడ ఆమెయి గావు, ఆమె దోస్తువి. నాతోని యాడ మాట్లాడింది? లూస్‌తోని మాట్లాడింది."

అప్పటినుంచి మాట పోయిన మనిషిని ఎవరు తీసుకొచ్చినా, రిపోర్టులు చూడకముందే ఇంటివాళ్లను ఒకటి అడుగుతున్నాను: "వీరు చిన్నప్పుడు ఏ భాష మాట్లాడేవారు? అది మీలో ఎవరికి వచ్చు?" మొన్న తండా నుంచి ఒక కొడుకు తల్లిని తీసుకొచ్చాడు. ఆమె లంబాడీలో అతన్ని ఏదో అడుగుతూనే ఉంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన ఆ కొడుకు, ఆమె ఏమంటోందో చెప్పమని నన్ను అడిగాడు.